పెన్న ఒడ్డున ప్రొద్దుటూరు

కడప జిల్లాలో పెన్నానది ఎడమ ఒడ్డున ఉన్న పట్టణం ప్రొద్దుటూరు. జిల్లాలో కడప తరవాత పెద్ద ఊరు ఇదే. 2011 జనాభా లెక్కల నాటికే ఇక్కడి జనం లక్షా అరవై వేలు దాటారు. అయితే ఈ ఊరు ఏనాడూ రాజధాని కాలేదు. ఇక్కడ పేరున్న కోట లేదు. ఇది జిల్లా కేంద్రమూ కాదు. రెవెన్యూ డివిజన్ కేంద్రం కూడా పక్కనున్న జమ్మలమడుగే. మొన్నమొన్నటిదాకా రైలు సైతం లేదు. ఇవేవీ లేకుండానే ఒక ఊరు ఇంతగా ఎలా పెరిగింది? దానికి రెండు కారణాలు. ఒకటి నీళ్లు. రెండోది నమ్మకం. ఈ రెండు మాటలూ గుర్తుంచుకోండి. ప్రొద్దుటూరు కథంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

ముందు నీళ్ల సంగతి.

పెన్న కర్ణాటకలోని నందికొండల్లో పుడుతుంది. అనంతపురం నేల మీదుగా కడప జిల్లాలోకి వస్తుంది. గండికోట దగ్గర ఎర్రరాతి కొండల మధ్య లోతైన గండి కోసుకుని, మైలవరం దాటి, జమ్మలమడుగు పక్కగా ప్రొద్దుటూరు చేరుతుంది. ఇంకా కిందికి పోతే కమలాపురం ప్రాంతంలో కుందేరు, పాపఘ్ని వచ్చి కలుస్తాయి. ఆపైన సిద్ధవటం, సోమశిల, నెల్లూరు, సముద్రం.

పెన్న నిండుగా పారే నది కాదు. ఏడాదిలో చాలా నెలలు కంటికి కనిపించేది ఇసుకే. కానీ ఆ ఇసుక అడుగున నీళ్లుంటాయి. రెండు మూరలు తవ్వితే చెలమలో నీరు ఊరుతుంది. రాయలసీమ వంటి వానకరువు సీమలో ఇది చిన్న విషయం కాదు. పైన ఎండినా అడుగున తడి ఉన్న నది పక్కన ఊళ్లు నిలబడ్డాయి. ప్రొద్దుటూరు అలా నిలబడిన ఊరు.

ఈ ఒడ్డున మనుషుల బతుకు చాలా పాతది. ఊరి అంచున పెన్న గట్టు మీద ముక్తి రామేశ్వరం గుడి ఉంది. రావణుణ్ణి చంపి తిరిగి వస్తూ రాముడు ఇక్కడ ఇసుకతో లింగం చేసి పూజించాడని స్థలపురాణం. ఊళ్లో అగస్త్యేశ్వరుడి గుడి ఉంది. దానికి అగస్త్య మహర్షి పేరు చెబుతారు. ఇవి భక్తులు చెప్పుకునే కథలు. రాతి మీద చెక్కిన సాక్ష్యం కావాలంటే పెన్న దాటి కలమళ్లకు వెళ్లాలి.

కలమళ్ల ఎర్రగుంట్ల మండలంలోని పల్లె. అక్కడి చెన్నకేశవ సిద్ధేశ్వరాలయంలో ఒక శాసనం దొరికింది. రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి కాలం నాటిది. క్రీస్తుశకం 575 ప్రాంతం అని పండితుల లెక్క. పూర్తిగా తెలుగులో వేసిన శాసనాల్లో ఇదే మొదటిదని చెబుతారు. అంతకుముందు రాజులు ప్రాకృతంలో, సంస్కృతంలో శాసనాలు వేయించేవారు. ఈ నేల మీది రాజు జనం మాట్లాడే భాషలోనే తన మాట రాయి మీదికి ఎక్కించాడు. ఎంత సాహసం! పద్నాలుగు వందల ఏళ్లకు పైబడిన ఆ తెలుగు, ప్రొద్దుటూరుకు కనుచూపు దూరంలో పుట్టింది. తెలుగు మాట్లాడే ప్రతి బిడ్డకూ చెప్పవలసిన సంగతి ఇది. ఈ ప్రాంతానికి ఆనాటి పేరు రేనాడు. పెన్నకు, కుందేరుకు నడుమనున్న నల్లరేగడి సీమ అందులో భాగమే.

రేనాటి చోళుల తరవాత చాలామంది రాజులు వచ్చారు, పోయారు. వాళ్ల బలమంతా గండికోటలో ఉండేది. విజయనగర కాలంలో పెమ్మసాని నాయకులు ఆ కోటను ఏలారు. 17వ శతాబ్దం నడుమ గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దాన్ని పట్టుకున్నాడు. 1652లో ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే గండికోటకు వచ్చి మీర్ జుమ్లాను కలిశాడు. ఆయన రాసిపెట్టిన ఒక దృశ్యం భలే గుర్తుండిపోతుంది. మీర్ జుమ్లా దర్బారులో కూర్చుని ఉన్నాడు. వచ్చిన జాబులు కొన్ని కాలివేళ్ల సందున, మరికొన్ని ఎడమచేతి వేళ్ల సందున ఇరికించుకున్నాడు. ఒక్కొక్కటే తీసి జవాబు చెబుతున్నాడు. అంత పని జరిగే చోటు ఆనాటి గండికోట. ఈ నేలకు వజ్రాల వర్తకుడు రావడమూ గమనించాలి. విలువైన వస్తువు, దాన్ని తూచే మనిషి, కొనే మనిషి: ఈ బేరం పెన్న ఒడ్డుకు కొత్త కాదు.

కోట బలం పోయాక గండికోట చిన్న పల్లెగా మిగిలిపోయింది. పెరిగినవి దాని కిందున్న ఊళ్లు. మొదట జమ్మలమడుగు, ఆ తరవాత ప్రొద్దుటూరు. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. దత్తమండలం అన్నది అప్పటి పేరే. థామస్ మన్రో పెద్ద కలెక్టరుగా వచ్చి పాళెగాళ్లను అణచి, రైతువారీ పద్ధతిలో శిస్తు కుదిర్చాడు. శిస్తు డబ్బు రూపంలో కట్టాలి. డబ్బు కావాలంటే పంట అమ్మాలి. అమ్మాలంటే సంత కావాలి, సాహుకారు కావాలి. ఆ అవసరమే ప్రొద్దుటూరు వంటి బజారు ఊళ్లకు బలమయింది.

ఇక ఊరి దశ తిప్పిన కాలువ దగ్గరికి వద్దాం. కర్నూలు–కడప కాలువ. జనం నోట కేసీ కాలువ.

తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై, కర్నూలు, నంద్యాల మీదుగా కడప దాకా దాదాపు 300 కిలోమీటర్లు వచ్చే కాలువ ఇది. పడవలు నడపాలి, పొలాలు తడపాలి అన్నది ఆలోచన. గోదావరి ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ మనసులో మెదిలిన పథకం. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ పని మొదలుపెట్టింది. రాజోలి దగ్గర కుందేరు మీద, ఆదినిమ్మాయపల్లె దగ్గర పెన్న మీద ఆనకట్టలు లేచాయి. పని ముగిసింది. కానీ కంపెనీకి లాభం రాలేదు. నల్లరేగడిలో వాన మీదే జొన్న, పత్తి పండించుకునే రైతు నీటికి డబ్బు కట్టడానికి మొదట వెనకాడాడు. పడవలు కూడా అనుకున్నంత నడవలేదు. ఆ మధ్యలోనే 1876–78 నాటి పెద్ద కరువు వచ్చింది. దత్తమండలాన్ని ఆ కరువు నలిపేసింది. చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది.

కంపెనీ నష్టపోయింది. కాలువ మాత్రం మిగిలింది. మళ్లీ చెప్పుకోవాలి: కంపెనీ పోయినా కాలువ మిగిలింది. ప్రొద్దుటూరు, చాపాడు, మైదుకూరు వైపు పొలాలకు తుంగభద్ర నీరు వచ్చింది. ఎక్కడో కన్నడ దేశంలో సహ్యాద్రి మీద పడిన వాన ఇక్కడ వరి మడిలో నిలిచింది. ఒక వైపు కాలువ కింద వరి, పసుపు. ఇంకో వైపు మెట్టలో పత్తి, జొన్న. రెండు రకాల పంటలూ వచ్చి చేరే చోటు ఒకటే బజారు. అదే ప్రొద్దుటూరు.

ఆ రోజుల్లో ఇంకో పంట కూడా ఉండేది. నీలి. నీలిమొక్క ఆకును తొట్లలో నానబెట్టి, చిలికి, అడుగున పేరుకున్న ముద్దను ఎండబెట్టి బిళ్లలు చేసేవారు. ఆ నీలిమందు మద్రాసు రేవు నుంచి ఓడలెక్కి దూరదేశాలకు పోయేది. కడప జిల్లా నీలికి మంచి గిరాకీ ఉండేది. 1897లో జర్మనీలో రసాయనాలతో చేసిన నీలి బజారుకు వచ్చింది. కొన్నేళ్లలోనే చెట్టు నీలి వ్యాపారం కుప్పకూలింది. ఇలాంటి దెబ్బకు ఎన్నో బజారు ఊళ్లు లేవలేకపోయాయి. ప్రొద్దుటూరు లేచింది. చేతిలో పత్తి ఉంది కాబట్టి లేచింది. 20వ శతాబ్దంలో శనక్కాయ వచ్చి చేరింది. జిన్నింగు మిల్లులు, ఆ వెనకే నూనె మిల్లులు. గానుగెద్దు తిరిగిన చోట మరలు తిరగసాగాయి. 1915లో ప్రొద్దుటూరు మునిసిపాలిటీ అయింది. చుట్టుపక్కల పల్లెల్లో మగ్గాలు ఆడేవి. నేసిన బట్ట కూడా ఈ ఊరికే వచ్చేది. వస్త్ర వ్యాపారం ఊరి పేరును సీమంతా చాటింది. రెండో బొంబాయి అని జనం పిలుచుకోసాగారు.

రైలు విషయంలో మాత్రం ఊరికి అన్యాయమే జరిగింది. మద్రాసు నుంచి రాయచూరు వైపు వేసిన రైలుమార్గం కడప, ఎర్రగుంట్ల, గుంతకల్లు మీదుగా పోయింది. 1871లో రాయచూరు దగ్గర అది బొంబాయి మార్గంతో కలిసింది. రైలు పెన్నకు అవతలి వైపునే ఉండిపోయింది. అంటే ప్రొద్దుటూరు పత్తి బేలు బొంబాయి మిల్లుకు చేరాలంటే ముందు ఎద్దులబండి ఎక్కాలి. బండి పెన్న ఇసుకలో దిగబడుతూ అవతలి గట్టెక్కాలి. ఆ తరవాత ఎర్రగుంట్ల స్టేషను. వాన కాలంలో ఏరు వస్తే బండ్లు ఇవతలి గట్టునే ఆగిపోవాల్సిందే. అయినా బజారు ఎర్రగుంట్లకు తరలిపోలేదు. స్టేషను పక్కకు పోయి కొత్త దుకాణం పెట్టుకోవడం సులభమే. ప్రొద్దుటూరు వర్తకులు ఆ పని చేయలేదు. వాళ్ల ఖాతాదారులు, వాళ్ల అప్పుపుస్తకాలు, వాళ్ల గుడి, అన్నీ ఈ ఒడ్డునే ఉన్నాయి. ఇక్కడే రెండో మాట వస్తుంది. నమ్మకం.

నమ్మకం దేనితో తెలుస్తుంది? బంగారంతో తెలుస్తుంది.

ప్రొద్దుటూరు అనగానే సీమవాసికి గుర్తొచ్చేది బంగారం. పెళ్లి కుదిరితే కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల నుంచి కుటుంబాలు ఇక్కడికి వస్తాయి. వాళ్లు వచ్చేది వస్తువు కోసమే కాదు. మనిషి కోసం. తాత ఏ అంగడిలో కొన్నాడో మనవడూ అదే అంగడి మెట్లెక్కుతాడు. పంట అమ్ముడుపోయిన ఏడు గొలుసు కొంటాడు. వానలు తప్పిన ఏడు అదే గొలుసు తెచ్చి అక్కడే కుదువ పెడతాడు. కరువు సీమలో బంగారం సింగారం మాత్రమే కాదు, రైతు ఇంటి ధాన్యపు గాదె కూడా అదే. దాన్ని తూచే త్రాసు నిక్కచ్చిగా ఉండాలి. వన్నె చెప్పే నోరు నిజం చెప్పాలి.

అంగడి వెనక కంసాలి ఉంటాడు. సాహుకారు తూకం వేసి ముడి బంగారం ఇస్తాడు. కంసాలి దాన్ని కుంపటిలో కరిగిస్తాడు, తీగ లాగుతాడు, అచ్చులో కొడతాడు, రాళ్లు పొదుగుతాడు. నగ తిరిగి తూకానికి వస్తుంది. తరుగు ఎంత పోయిందో, మజూరీ ఎంతో అప్పుడు లెక్క. గీటురాయి మీద గీసి వన్నె చూస్తారు. ఇంత విలువైన లోహం ఇన్ని చేతులు మారుతుంది. చేతికీ చేతికీ నడుమ ఉండేది చాలాసార్లు నోటిమాటే. నేర్చుకునే కుర్రాడు మొదట కుంపటి ఊదుతాడు. పొడి రాలిన నేల ఊడ్చి ఆ చెత్తను కూడా దాచిపెడతాడు. అందులోనూ బంగారు రజను ఉంటుంది మరి. ఆ ఓపికలో నుంచే పనివాడు తయారవుతాడు.

ఈ పనివాళ్లకు ఒక గడ్డుకాలం వచ్చింది. చైనాతో యుద్ధం ముగిసిన వెంటనే, 1963లో, కేంద్ర ప్రభుత్వం బంగారం మీద కట్టుబాట్లు తెచ్చింది. 14 క్యారెట్లకు మించిన వన్నెతో కొత్త నగలు చేయకూడదన్నది. 1968లో బంగారం కట్టుబాట్లు చట్టమయ్యాయి. దేశమంతటా కంసాలుల కుంపట్లు చల్లారాయి. చాలామంది వేరే పనులు వెతుక్కున్నారు. బంగారం మీద బతికే ఊళ్లకు అది ఎంత పెద్ద దెబ్బో చెప్పనక్కర్లేదు. 1990లో ఆ చట్టం రద్దయింది. ఆ తరవాత ప్రొద్దుటూరు బంగారు బజారు మళ్లీ కళకళలాడింది. నీలి పోయినప్పుడు పత్తి ఆదుకుంది. కుంపట్లు చల్లారినప్పుడు నూనె మిల్లులు, బట్టల అంగళ్లు ఊరిని నిలబెట్టాయి. ఒకే పనిని నమ్ముకోని ఊరు కాబట్టే ప్రొద్దుటూరు తట్టుకుంది.

ఈ వర్తకుల గుండెకాయ అమ్మవారిశాల. వాసవీ కన్యకాపరమేశ్వరి ఆలయం. దసరా వస్తే ఊరు ఊరంతా దీపాలతో నిండిపోతుంది. దసరా చూడాలంటే మైసూరు, మైసూరు తరవాత ప్రొద్దుటూరు అని జనం గర్వంగా చెప్పుకుంటారు. రోజుకో అలంకారం. ధనలక్ష్మి అలంకారం నాడు అమ్మవారి చుట్టూ కరెన్సీ నోట్ల తోరణాలే. చివరికి తొట్టి మెరవణి అనే ఊరేగింపు. మేళాలు, పలకలు, వేషాలు, వీధి వీధినా జనం. పల్లెల నుంచి బండ్లు కట్టుకుని, ఇప్పుడయితే బస్సులెక్కి, పిల్లల్ని భుజాన వేసుకుని వచ్చి రాత్రంతా చూస్తారు. అన్ని కులాల వాళ్లూ, అన్ని మతాల వాళ్లూ ఆ జనంలో ఉంటారు.

బంగారం, బట్ట, నూనె అంటే బేరాల ఊరనుకుంటారు. అదొక్కటే అయితే ప్రొద్దుటూరు గురించి సగమే చెప్పినట్టు. ఇది కవుల ఊరు కూడా.

జమ్మలమడుగులో 1888లో పుట్టిన దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకటశేషశాస్త్రి ఇద్దరూ ప్రొద్దుటూరులో ఉండి జంటగా అవధానాలు చేశారు. దుర్భాకవారు రాణాప్రతాపసింహ చరిత్ర రాశారు. గడియారంవారు శివభారతం రాశారు. ఒకరిది రాజపుత్రుల వీరగాథ, ఇంకొకరిది శివాజీ వీరగాథ. ఇద్దరూ ఇలా పరరాజుకు తలవంచని వీరులనే ఎంచుకోవడం ఊరికే జరగలేదు. అవి తెల్లవాళ్ల పాలన రోజులు. సూటిగా అనలేని మాటను పద్యంలో చరిత్ర రూపంలో చెప్పారు. పెన్న ఒడ్డున కూర్చుని చిత్తోడు గురించి, రాయగఢ్ గురించి రాశారు. చదివినవాళ్లకు ఎవరి గురించి రాశారో తెలుసు.

మూడో పేరు పుట్టపర్తి నారాయణాచార్యులు. 1914లో అనంతపురం జిల్లాలో పుట్టి, ప్రొద్దుటూరులో తెలుగు పంతులుగా పనిచేశారు. చిన్నతనంలో ఆయన రాసిన పెనుగొండలక్ష్మి కావ్యం, తరవాత ఆయనే కూర్చున్న విద్వాన్ పరీక్షకు పాఠ్యపుస్తకంగా వచ్చింది. ఆయన పేరును ఇంటింటికీ చేర్చింది శివతాండవం. దాన్ని రాసింది ప్రొద్దుటూరులోనే. అగస్త్యేశ్వరుడి గుడిలో ప్రదక్షిణలు చేస్తూ అల్లుకున్నారని చెబుతారు. ఆ లయ వింటే నమ్మాలనిపిస్తుంది. నడిచే కాళ్ల అడుగు ఆ మాటల్లో వినిపిస్తుంది. అది తెలుగులో వచ్చినా, తెలుగు రానివాళ్లు సైతం విని పరవశించారు. 1972లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఒక బజారు ఊరు ఒక తరంలో ఇంతమంది కవులను పోషించడం చిన్న విషయం కాదు. బడి ఉద్యోగం ఇచ్చింది. ఊరు చెవి ఇచ్చింది.

మళ్లీ మొదటి మాటకు రావాలి. నీళ్లు.

ఊరు పెరిగేకొద్దీ పెన్న ఇసుక అడుగు తడి చాలకుండా పోయింది. జమ్మలమడుగుకు ఎగువన మైలవరం దగ్గర పెన్నకు అడ్డంగా జలాశయం కట్టారు. ఎండాకాలంలో ప్రొద్దుటూరు దాహం ముదిరితే మైలవరం నుంచి ఏటిలోకి నీళ్లు వదులుతారు. ఆ నీరు ఇసుకలో ఇంకుతుంది. ఇసుకలోని బావుల్లో ఊరుతుంది. అక్కడి నుంచి ఊరి కుళాయిలకు వస్తుంది. చెలమ తవ్విన నాటి తెలివే, ఇప్పుడు మోటార్లతో సాగుతోంది.

మైలవరానికి ఎగువన ఇంకో పెద్ద జలాశయం వచ్చింది. గండికోట. గాలేరు–నగరి పథకంలో భాగం. శ్రీశైలం దగ్గర కృష్ణ వరదనీరు కాలువలో, సొరంగాల్లో ప్రయాణించి అవుకు దాటి ఇక్కడికి చేరుతుంది. 26.85 టీఎంసీలు పట్టే చెరువు ఇది. ఇక్కడి నుంచే నీళ్లను పైకి ఎత్తి పైడిపాలెం జలాశయానికి, చిత్రావతి జలాశయానికి పంపుతారు. పులివెందుల ప్రాంతంలో చీనీ తోటలకు, అరటి తోటలకు ఆ నీరే ప్రాణం. వందల అడుగుల లోతుకు బోర్లు వేసి, అవి ఎండి, అప్పుల పాలయిన రైతుకు ఈ నీరు ఏమిటో ఆ రైతుకే తెలుసు.

కానీ ఆ చెరువు నిండడానికి కొన్ని ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొండాపురం మండలంలో పల్లెలు మునిగాయి. వాటిలో ఒక ఊరి పేరు తాళ్లప్రొద్దుటూరు. అవును, పేరులో ప్రొద్దుటూరు ఉన్న ఇంకో ఊరు. అదీ పెన్న సీమ ఊరే. 2020లో జలాశయంలో నీటిమట్టం పెంచుతుంటే ఆ ఊరి జనం పరిహారం కోసం, పునరావాసం కోసం ఆందోళన చేశారు. నీళ్లు వీధుల్లోకి వచ్చాయి. సామాను ట్రాక్టర్ల మీదికి ఎక్కించుకుని కదిలారు. గుడి, బడి, ఊరి కట్ట, తాతలు నాటిన చెట్లు నీటి కింద మిగిలాయి. ఒక ప్రొద్దుటూరు నీళ్ల వల్ల పెరిగింది. ఇంకో ప్రొద్దుటూరు నీళ్ల కిందికి పోయింది. కుళాయి తిప్పి బిందె పట్టుకునే ప్రతి ఇంటిలోనూ ఈ సంగతి తెలిసి ఉండాలి. తోటకు నీరు వదిలే ప్రతి రైతుకూ తెలిసి ఉండాలి. ఊళ్లు వదిలినవాళ్లకు రావలసింది పూర్తిగా, వేళకు అందడం దయ కాదు. అది వాళ్ల హక్కు.

ఇక చివరిగా రైలు. ఎర్రగుంట్ల నుంచి నంద్యాలకు రైలుమార్గం వేయాలన్న కోరిక ఏళ్ల తరబడి కాగితాల మీదే నలిగింది. 2016లో అది నిజమయింది. ఎర్రగుంట్ల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, బనగానపల్లె, నంద్యాల ఒకే పట్టాల మీదికి వచ్చాయి. పెన్నకు అవతల ఆగిపోయిన రైలు, ఇవతలి ఒడ్డుకు రావడానికి దాదాపు నూటయాభై ఏళ్లు పట్టింది. ఈలోపల ఊరు ఆగలేదు. యోగివేమన విశ్వవిద్యాలయం వారి ఇంజినీరింగు కళాశాల వచ్చింది, పశువైద్య కళాశాల వచ్చింది. చుట్టుపక్కల ఎర్రగుంట్ల వైపు సున్నపురాతి నేలలో సిమెంటు కర్మాగారాలు, ముద్దనూరు దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రం లేచాయి. అక్కడ పనిచేసేవాళ్ల జీతం డబ్బులూ చాలావరకు ప్రొద్దుటూరు బజారులోనే ఖర్చవుతాయి. బనగానపల్లె, నంద్యాల వైపు నుంచి పెళ్లి నగల కోసం వచ్చే కుటుంబం ఇప్పుడు బస్సు కోసం కాచుకోనక్కర్లేదు. రైలెక్కి ప్రొద్దుటూరు స్టేషనులో దిగవచ్చు.